వెనక తలుపు గొలుసు

హాలు ముందున్న ర్యాంపు మీద స్కూటర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకదాని సీటు మీద ఎవరో తడి రుమాలు ఆరేశారు. ర్యాంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడటానికి పెళ్లికూతురు వాటి మధ్య నుంచి ఒంటిని పక్కకి తిప్పుకుని నడవాల్సి వచ్చింది. బ్యాగు పట్టీ ఒక హ్యాండిలుకి తగులుకుంటే ఆగి విడిపించుకుంది.

ఆఫీసులో ఆ పేరు ఆమెకి పెళ్లి సెలవు ముగించుకుని వచ్చిన రోజే పెట్టారు. మొదట్లో వేళాకోళంగా పిలిచేవాళ్లు, ఇప్పుడు అదే పేరై కూర్చుంది. ఆమె కూడా ఏమీ అనుకోలేదు. ఎవరైనా అలా పిలిస్తే నిజమే కదా అని లోపల ఒక చిన్న సంతోషం. ఈ మధ్య ఆమెకి అన్నీ సంతోషాలే. పొద్దున డబ్బా కట్టిచ్చిన మొగుడే మధ్యాహ్నం ఫోన్ చేసి డబ్బాలో ఏముందని అడుగుతాడు. ఆమె కూడా ఏమీ ఎరగనట్టు మూత తీసి, చూసి, చెబుతుంది.

కంపెనీ తన ఉద్యోగులకి ట్రైనింగులు పెట్టడానికి హాళ్లు అద్దెకి తీసుకుంటుంది. తీసుకునే ముందు వెళ్లి చూసి రావడం ఆమె పని. ఇంకో బ్రాంచిలో అద్దె హాల్లో ఫ్యాను ఊడి ఒకాయన భుజం మీద పడ్డాక, చూసొచ్చిన మనిషి సరేననకుండా ఏ హాలూ ఖాయం కాకూడదని హెడ్డాఫీసు తేల్చేసింది. అందుకే ఆమె వస్తుందంటే హాళ్లవాళ్లు ముందే ఫ్యాన్లు తుడిపించి పెడతారు. ఇక్కడా తుడిపించారు. రెక్కలు మెరుస్తున్నాయి.

హాలు మేనేజరు తాళాల గుత్తి ఊపుకుంటూ వెంట నడుస్తున్నాడు. నవ్వు మొహం మనిషి. ఆమె బ్యాగులోంచి టేపు తీసి తలుపుకి అడ్డంగా లాగింది. రెండు రెక్కల తలుపు. కానీ తెరుచుకునేది ఒకటే. రెండో రెక్క పై గడియ మీంచి ఎప్పుడో రంగు వేసేశారు. గడియా చెక్కా ఒకటైపోయాయి. తెరిచిన రెక్కలోంచి, ఈ ట్రైనింగుకి రావాల్సిన, ఆఫీసులో అందరూ కంప్లైంటక్క అని పిలిచే ఆవిడ చక్రాల కుర్చీ పట్టదు. ఆ కుర్చీ వెడల్పు పోయిన వారమే ఆమె స్వయంగా కొలుచుకుంది. తేడా పెద్దదేం కాదు, అరచెయ్యంత. అరచెయ్యంతైనా పట్టనిది పట్టదు.

తలుపు దాటి నాలుగడుగులు వేస్తే, చక్రాల కుర్చీ బొమ్మ అతికించిన టాయిలెట్. తెరవబోతే లోపలి నుంచి ఏదో అడ్డుపడింది. ఆమె భుజంతో నెట్టింది. లోపల నడుము ఎత్తున విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, చుట్టచుట్టిన బ్యానర్లు, ఒక పాత కూలరు. హాలు మేనేజరు ఏమాత్రం నొచ్చుకోకుండా, ఇన్నేళ్లలో దాని అవసరం ఎవరికీ పడలేదని చెప్పాడు. లోపలికి ఎవరూ రాలేకపోతే అవసరం ఎలా పడుతుందని ఆమెకి నోటిదాకా వచ్చింది. అనలేదు. చిన్న చిన్న విషయాలకి కోపం తెచ్చుకోకూడదని ఈ మధ్యే ఒట్టు పెట్టుకుంది.

హాలు వెనక ఇంకో తలుపుంది. బయట సందులోకి, నేలకి సమంగా, మెట్లు లేకుండా. అది చూసి ఆమె ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి వెళ్లి చూస్తే తలుపు పిడి నుంచి పక్క కిటికీ గ్రిల్లు దాకా ఇనప గొలుసు, దానికి గుప్పెడంత తాళం.

"ఇదెందుకు కట్టారు?"

"మీ సారే కట్టించారండి. పోయిన బ్యాచ్ వాళ్లు మధ్యాహ్నం తినేసి ఒక్కొక్కరే ఇటు జారుకుంటున్నారని. తాళం కూడా మీదే. చెవి సార్ దగ్గరుంది."

ఆమె వెనక్కి తిరిగి మొత్తం హాలుని చూసింది. కిటికీలన్నిటికీ గ్రిల్లులు. బయటపడాలంటే ముందు తలుపొక్కటే దారి. ఆ ముందు తలుపు పక్కనే గోడకి కరెంటు బోర్డు. దాని చుట్టూ సున్నం నల్లగా పొగచూరి ఉంది. బోర్డు కిందే గూట్లో టీ పొయ్యి, సిలిండరు. అక్కడ చిన్నదేమైనా జరిగితే, ఆ చిన్నది పెద్దదయ్యేలోపు లోపల ఉన్నవాళ్లు ఎటు పోతారు? టేపు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దానితో కొలవాల్సింది ఏదీ కనిపించలేదు. చెవులు వేడెక్కాయి.

ఆ వేడి ఆఫీసుకి చేరేదాకా ఉంది. సార్ గదిలో అడుగుపెట్టేసరికి కాస్త తగ్గింది. సార్ కళ్లజోడు తీసి టై కొసతో తుడుచుకుంటూ విన్నారు. ర్యాంపు, తలుపు, టాయిలెట్ అన్నీ వరసగా చెప్పింది. చివరికి గొలుసు సంగతి ఎత్తింది. ఆయన అద్దాలు వెలుతురుకి పట్టి చూసుకుని నవ్వారు.

"కొత్త పెళ్లికూతురివి. అప్పుడే పారిపోయే దారులు వెతుకుతున్నావేంటమ్మా?"

అక్కడే కూర్చున్న అకౌంట్సాయన కూడా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో తనకే తెలియదు. ముందు పెదాలు నవ్వాయి, తర్వాత తను చూసుకుంది. ఇంకోసారి గొలుసు మాట ఎత్తితే సరదా తెలియని మనిషంటారు. పైగా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. మిగతావాళ్లకైతే పర్లేదు సార్, అక్కకే కష్టం, అని ముగించింది.

సార్ వెంటనే కళ్లజోడు పెట్టుకున్నారు. అలాగైతే ఆవిడ్ని ఇబ్బంది పెట్టకూడదన్నారు. ఆవిడ భద్రతే మనకి ముఖ్యం, వచ్చే బ్యాచ్‌లో చూద్దాం అన్నారు. గొంతులో ఎంత దయ ఉందంటే, తను ఏదో మంచి పని చేసిందని ఆమెకి ఒక్క క్షణం అనిపించింది కూడా.

మర్నాడు పొద్దున కంప్లైంటక్క ఆమె బల్ల దగ్గరికి వచ్చి, చక్రాలని రెండు చేతులతో పట్టి ఆపింది. ఎప్పుడూ ఇటు రాదు. ఆవిడ సీటు అటు చివర, ఫోన్ల వరసలో. సరుకు అందలేదని, అందింది విరిగిందని, విరిగింది మార్చలేదని రోజంతా తిట్టేవాళ్ల మాటలు వినడం ఆవిడ ఉద్యోగం. ఎంత తిట్టినా ఆవిడ గొంతు పెరగదు. పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ పని నేర్పిన ఇద్దరు ఇప్పుడు షిఫ్టు లీడర్లు. వాళ్లలో ఒకడు ఆవిడకే షిఫ్టు వేస్తున్నాడు. ఈ ట్రైనింగు చేసినవాళ్లకే ఆ పోస్టు. వచ్చే బ్యాచ్ అన్న మాట ఆవిడ ఇంతకుముందు రెండుసార్లు విన్నది. ఈసారి బ్యాచ్‌తో ఖాళీలు అయిపోతాయని అందరికీ తెలుసు.

"నిన్నొకటి అడగాలి పెళ్లికూతురా. నువ్వు వెళ్లి కొలిచింది తలుపునా, నన్నా?"

ఆమె లేచి నిలబడింది. లేచాక, తను నిలబడితే అక్క తలెత్తి చూడాల్సి వస్తుందని గుర్తొచ్చి మళ్లీ కూర్చుంది. అక్క మంచికే చెప్పానని గొణిగింది. తలుపు చిన్నది, టాయిలెట్ నిండా సామాను, అలాంటిచోట ఎలా కూర్చుంటారని...

"తలుపు చిన్నదైతే తలుపుని కదా ఫెయిల్ చెయ్యాలి. నన్ను చేశావేంటి? నా కుర్చీ కొలవడానికి వచ్చావు, కొలిచావు, టేపు చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయావు. ఒక్క ఫోన్ చేసి అడిగావా? అక్కా, తలుపు అరచెయ్యి చాలట్లేదు, ఏం చేద్దాం అని?"

అది తిట్టేవాళ్లతో మాట్లాడే గొంతే. పెరగలేదు. పెరిగినా బాగుండేది. చుట్టుపక్కల బల్లల దగ్గర కీబోర్డులు ఆగిపోయాయి.

"సరే, నా సంగతి వదిలెయ్. మిగతావాళ్లంతా అక్కడ బాగానే కూర్చుంటారా?"

పెళ్లికూతురు అవునని చెప్పడానికి నోరు తెరిచింది. గొలుసు గురించి చెప్పింది. పొగచూరిన బోర్డు గురించి, కింద సిలిండరు గురించి, చెవి ఎవరి దగ్గరుందో దాని గురించి కూడా చెప్పింది. నిన్న సార్ గదిలో ఎందుకు ఆపేసిందో మాత్రం చెప్పలేకపోయింది.

కంప్లైంటక్క తన చక్రం అంచుని వేలితో రాసింది.

"నాకేమో తలుపు ఇరుకు. వాళ్లకి అసలు తలుపే లేదు. అయినా ప్రమాదం నాకొక్కదానికేనా? బాగుంది."

కుర్చీ తిప్పుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం డబ్బాలో ఏముందని ఫోన్ మోగింది. పెళ్లికూతురు ఎత్తలేదు. డబ్బా మూత కూడా తియ్యలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఆమె మొగుడు కిటికీకి కర్టెన్ కడ్డీ బిగించడానికి స్టూలెక్కి ఉన్నాడు. కర్టెన్ ఆదివారం ఇద్దరూ కలిసి కొన్నారు. ఆకుపచ్చదా నీలమా అని దుకాణంలో సగంపూట వాదించుకుని, చివరికి ఇద్దరికీ నచ్చని పసుపుపచ్చది కొని, దారంతా నవ్వుకుంటూ వచ్చారు. అతను టేపు రెండో కొస పట్టుకోమన్నాడు. ఆమె పట్టుకుంది. అతను అటు వెళ్లి, గీత పెట్టబోయేలోపు వదిలేసింది. టేపు చుట్టుకుంటూ వెళ్లి అతని వేళ్లకి తగిలింది.

అతను వేళ్లు దులుపుకుంటూ స్టూలు దిగాడు. పక్కన కూర్చున్నాడు. ఆమె మొదటి నుంచి చెప్పింది.

"నీ తప్పేముంది ఇందులో? చూసింది చూసినట్టు చెప్పావు. ఆయన వినలేదు."

"చెప్పలేదు. నవ్వాను."

"ఏదో మొహమాటానికి..."

"మొహమాటానికే. ఆయన నా మీద జోకేశాడని, దానికి నేనే నవ్వాను. ఆ జోకుతో అంతమందిని లోపల పెట్టి తాళం వేసుకున్నాడు. నా నవ్వుతో వేసుకున్నాడు. నువ్వు మళ్లీ నీ తప్పేముంది అనకు, నాకు ఒళ్లు మండుతుంది."

అతను అనలేదు. పెళ్లయ్యాక ఆమెకి ఇంత కోపం రావడం అతను చూడలేదు. అతని చూపులో కొంచెం భయం, కొంచెం ముచ్చట కూడా కనిపించేసరికి ఆమెకి ఇంకా మండింది. కాసేపయ్యాక మళ్లీ వెళ్తావా అని అడిగాడు. వెళ్తానంది. ఈసారి అక్కతో. కర్టెన్ ఆ పూట కట్టలేదు. వీధి దీపం వెలుగు నేరుగా పళ్లెంలో పడుతుంటే ఇద్దరూ తిన్నారు.

మర్నాడు హాలు దగ్గర కంప్లైంటక్క ఆటో దిగి, కుర్చీలోకి మారి, ర్యాంపు మొదట్లో ఆగిపోయింది. స్కూటర్లు అలాగే ఉన్నాయి. హాలు మేనేజరు పరుగున వచ్చి, ఏమీ పర్లేదమ్మా, మనవాళ్లు నలుగురు వచ్చి కుర్చీతో సహా ఎత్తేస్తారు, మహారాణిలా లోపలికి వెళ్లొచ్చు అన్నాడు. నిజంగానే సాయం చేస్తున్నాననుకుంటున్నాడు. అతని మొహంలో అది స్పష్టంగా ఉంది.

"మీ సూచనకి ధన్యవాదాలండి," అంది కంప్లైంటక్క తన ఫోను గొంతుతో. "దయచేసి లైన్లో ఉండండి. ఈలోపు ఆ స్కూటర్లు తీయించండి."

అతనికి నవ్వాలో వద్దో తెలియలేదు. రుమాలు ఆరేసిన స్కూటరు అతనిదే. ముందు దాన్నే తీశాడు.

తలుపు దగ్గర పెళ్లికూతురు సుత్తి అడిగింది. ఆ రెక్క తెరుచుకోదండి అని హాలు మేనేజరు అంటూనే ఉన్నాడు, ఆమె కుర్చీ ఎక్కి గడియ మీద కొట్టడం మొదలుపెట్టింది. రంగు పెచ్చులు పెచ్చులుగా ఆమె జుట్టులో పడింది. మొదటి దెబ్బలు గడియ మీద పడ్డాయి. తర్వాతవి సార్ టై మీద, అకౌంట్సాయన నవ్వు మీద, తన నవ్వు మీద పడ్డాయి. గడియ కిర్రుమని జారింది. తెరుచుకోని రెక్క తెరుచుకుంది. హాలు మేనేజరు ఆశ్చర్యంగా దాన్ని అటూ ఇటూ ఊపి చూశాడు.

"ఎవరూ అడగలేదండి ఇప్పటిదాకా," అన్నాడు.

టాయిలెట్లో సామాను ఆమే మోసింది. విరిగిన కుర్చీ ఒక్కొక్కటీ తెచ్చి వరండాలో పడేస్తుంటే హాలు మేనేజరు కాసేపు చూసి, సిగ్గుపడి, తనూ చెయ్యి వేశాడు. కూలరు మాత్రం ఇద్దరూ కలిసి లాగాల్సి వచ్చింది. టీ తాగేంత సేపట్లో అంతా అయిపోయింది. ఇంత పనికి రెండు బ్యాచ్‌లు అక్క బయట ఉండిపోయిందా అనుకుంటూ ఆమె చేతుల దుమ్ము గట్టిగా దులిపేసుకుంది.

కంప్లైంటక్క ఎవరి సాయం లేకుండా తలుపు దాటి వచ్చింది. హాలు మధ్య ఒక చుట్టు తిరిగింది. ముందు వరసలో రెండు కుర్చీలు పక్కకి నెట్టి ఆ ఖాళీలో తన కుర్చీ నిలబెట్టుకుంది. తెల్లబోర్డు వైపు కాసేపు చూసింది. ఆ మొహంలో ఏముందో పెళ్లికూతురు చూడకూడదనుకుని తల తిప్పుకుంది. తిప్పుకుంటే గొలుసు కనిపించింది.

ఫోన్ తీసి సార్‌కి చేసింది. ఈసారి మొదట గొలుసు సంగతే ఎత్తాలని దారంతా అనుకుంటూ వచ్చింది. ఆయనే ముందు మాట్లాడారు. మళ్లీ హాలుకి ఎందుకు వెళ్లావన్నారు. ఆవిడకి కుదరదని నువ్వే అన్నావు కదా అన్నారు.

"అక్కకి అంతా కుదిరింది సార్. ఇప్పుడు మిగతావాళ్లకే కుదరట్లేదు."

ఆయన అడ్డుపడేలోపు ఆమె తనే మళ్లీ అందుకుంది.

"వెనక తలుపుకి గొలుసు ఉన్నంతకాలం ఎవరికీ కుదరదు. నేను సరేననను సార్."

సార్ నవ్వారు. ఈసారి పెదాలు ఆమె మాట విన్నాయి, కదల్లేదు. నవ్వు ఒంటరిగా కాసేపుండి ఆగిపోయింది. తర్వాత ఆయన గొంతు మారింది. కంపెనీ జీతమిచ్చి వాళ్లని ట్రైనింగుకి పంపేది సినిమాలకి పోవడానికి కాదన్నారు. చిన్నపిల్లల మాటలు ఆపమన్నారు. చూడటానికి ఇంకొకరిని పంపిస్తానన్నారు.

"పంపండి సార్. వచ్చినవాళ్లకి గొలుసు నేనే చూపిస్తాను. చెవి ఎవరి దగ్గరుందో కూడా చెబుతాను."

ఫోన్ పెట్టేశారు. ఆమె ఫోను వైపు చూస్తూ నిలబడింది. ఉద్యోగం పోతే ఇంటి అద్దె ఒక్క జీతంతో సాగదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కోపం తగ్గుతుందేమోనని చూసుకుంది. తగ్గలేదు. భయం వచ్చి కోపం పక్కన కూర్చుంది, అంతే.

హాలు మేనేజరు వింటూనే ఉన్నాడు. ట్రైనింగ్ ఉంటుందా మేడమ్ అని అడిగాడు. గొలుసు ఉంటే ఉండదని చెప్పింది. సార్ ఒప్పుకున్నారా అన్నాడు. లేదంది. అతను తాళాల గుత్తి కాసేపు ఊపాడు. ఎటో వెళ్లి, ఇనుము కోసే రంపంతో తిరిగొచ్చాడు.

"మీ సార్ అడిగితే నేనెరగనండి," అన్నాడు కోస్తూ. "హాలు ఖాళీగా ఉంటే మా ఓనరు నన్ను కోస్తాడు."

గొలుసు తెగి నేల మీద పడింది. కంప్లైంటక్క తన కుర్చీతోనే తలుపుని నెట్టింది. అది ఒక్కసారి మూలిగి, సందులోకి పూర్తిగా తెరుచుకుంది.

ట్రైనింగ్ మొదలైన పొద్దున సార్ వచ్చారు. చూడటానికి ఇంకొకరు ఎవరూ రాలేదు. ఆమెని ఉద్యోగంలోంచి తీసేశామని కూడా ఎవరూ చెప్పలేదు. సార్ ఆమె వైపు చూడలేదు, అంతే. వెనక తలుపు వైపు చూశారు. అది తెరిచే ఉంది; గాలికి కదలకుండా పెళ్లికూతురు దానికి ఒక ఇటుక అడ్డం పెట్టింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, ముందుకి వెళ్లి నిలబడ్డారు. అందరికీ స్వాగతం చెప్పారు. ఈ కంపెనీ ఎవరినీ వెనక వదిలెయ్యదన్నారు.

"మన అక్క ఒక్కావిడ కోసం ర్యాంపు, తలుపు, టాయిలెట్, అన్నీ ప్రత్యేకంగా ఏర్పాటు చేయించాం. అక్కకి అందరూ ఒకసారి చప్పట్లు కొట్టండి."

కొట్టారు. గోడ పక్కన నిలబడ్డ పెళ్లికూతురికి ఒక్కో చప్పుడూ చెంప మీద పడ్డట్టుంది. ముందు వరసలో కంప్లైంటక్క చప్పట్లు ఆగేదాకా ఓపిగ్గా ఉంది. తర్వాత చెయ్యెత్తింది. సార్ నవ్వుతూ చెప్పమన్నారు. కృతజ్ఞతలు చెబుతుందనుకున్నట్టున్నారు.

"చిన్న సవరణ సార్," అంది ఆవిడ, పెరగని గొంతుతో. "అన్నీ నాకోసం కాదు. తలుపు నాకోసం. వెనక గొలుసు కోయించింది వీళ్లకోసం. దానికి కూడా ఒకసారి కొట్టించండి."

ఎవరూ కొట్టలేదు. ఒకరొకరుగా తలలు వెనక్కి తిరిగాయి. తెరిచి ఉన్న తలుపుని, పక్క గ్రిల్లుకి ఇంకా వేలాడుతున్న తెగిన కొసని చూశాయి. అక్కడి నుంచి ముందు తలుపు దగ్గరున్న కరెంటు బోర్డు దాకా వచ్చాయి, దాని కింద పొయ్యి దగ్గర ఆగాయి.

చివరి వరసలో ఒకతను లేచాడు. పోయిన బ్యాచ్‌లో మధ్యలో సెలవు పెట్టి, మళ్లీ చేరినవాడు.

"మేం లోపల కూర్చున్నప్పుడు కూడా అది కట్టే ఉందా సార్?"

సార్ కళ్లజోడు తీశారు. అది తుడిచే ఉంది.